యాడ పోయింది సార్: బడి కంప్యూటర్ ల్యాబ్‌లో మొదటి పాఠం

నెల్లూరు, ప్రకాశం జిల్లాల జడ్పీ హైస్కూళ్లలో కంప్యూటర్ పీరియడ్ మొదలవగానే తరచూ వినిపించే మాట ఒకటుంది. "నిన్న నేను కొట్టింది యాడ పోయింది సార్?" అడిగిన పిల్ల తప్పేమీ చెయ్యలేదు. తన పేరు, ఊరి పేరు, పక్కన కూర్చున్న నలుగురి పేర్లు ఒక్కో మీట వెతుక్కుంటూ ఓపిగ్గా కొట్టింది. గంట మోగేసరికి తెర పైన మూలనున్న ఇంటూ గుర్తు నొక్కింది. కంప్యూటర్ ఏదో అడిగింది, తొందరలో ఏదో ఒకటి నొక్కి బయటికొచ్చింది. ఇవాళ అదే కుర్చీలో కూర్చుంటే తెర మీద తెల్ల కాగితం తప్ప ఏమీ లేదు.

బడిలో మామూలు సాఫ్ట్‌వేర్ నేర్పడం ఎక్కడ మొదలుపెట్టాలో ఆ ప్రశ్నే చెబుతోంది. పుస్తకాల్లో మాత్రం మొదటి పాఠం వేరుగా ఉంటుంది. కంప్యూటర్ తరాలు, ఇన్‌పుట్ పరికరాలు, అవుట్‌పుట్ పరికరాలు, పొడి అక్షరాలకు పూర్తి పేర్లు. తర్వాత వర్డ్ తెరిచి హోమ్‌లో ఏముంది, ఇన్సర్ట్‌లో ఏముంది అని వరసగా వల్లెవేయిస్తారు. ఆ వల్లెవేత ఎంతకాలం నిలుస్తుందో 2007లోనే తేలిపోయింది. ఆ ఏడాది వచ్చిన ఆఫీస్‌లో మైక్రోసాఫ్ట్ పాత మెనూలు తీసేసి రిబ్బన్ పెట్టింది. ఫైల్, ఎడిట్, వ్యూ అని వరస బట్టీపట్టినవాళ్లు ప్రింట్ ఎక్కడుందో తెలియక తడుముకున్నారు. ప్రింట్ అంటే ఏమిటో, పేజీ సైజు ఎందుకు చూడాలో తెలిసినవాళ్లకు మాత్రం అది రెండు రోజుల ఇబ్బంది.

ఇంకో మార్పు ఇంటి దగ్గర జరిగింది. ఇప్పటి ఎనిమిదో తరగతి పిల్లలు ఫోన్‌తో పెరిగారు. ఫోన్‌లో తీసిన ఫొటో గ్యాలరీలో ఉంటుంది, వాట్సాప్‌లో వచ్చింది వాట్సాప్‌లోనే ఉంటుంది. దీన్ని ఎక్కడ పెట్టమంటావు, ఏం పేరు పెట్టమంటావు అని ఫోన్ అడగదు. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చిన ట్యాబ్‌లదీ అదే తీరు. వేలితో తాకితే పాఠం తెరుచుకుంటుంది, అది ఏ అరలో ఉందో తెలియాల్సిన పనిలేదు. అందుకే నాన్న ఫోన్‌లో యూపీఐ కూడా చకచకా చేసే పిల్లవాడు, "సేవ్ యాజ్" పెట్టె కనపడగానే బిక్కచచ్చిపోతాడు. తెలివి తక్కువై కాదు. వస్తువుకి ఒక చోటు, ఒక పేరు ఉంటాయన్న ఆలోచన అతనికి ఎవరూ చెప్పలేదు.

మన భాషలో ఆ ఆలోచన కొత్తదేమీ కాదు. ఫైల్ అన్న మాట కంప్యూటర్ కంటే చాలా ముందే మన ఊళ్లకు వచ్చింది. పట్టాదారు పాసుపుస్తకం కోసం తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగిన ఏ ఇంట్లోనైనా "ఫైల్ కదిలిందా?" అన్న మాట విన్నవాళ్లే ఉంటారు. ఆఫీసులో బీరువా, బీరువాలో అర, అరలో కట్ట, కట్టలో ఫైల్. కంప్యూటర్‌లో డ్రైవ్, ఫోల్డర్, లోపలి ఫోల్డర్, ఫైల్. ఈ పోలికను బోర్డు మీద బొమ్మగీసి ఒక పీరియడ్ చెబితే, మిగతా ఏడాది చెప్పేదంతా నిలబడటానికి చోటు దొరుకుతుంది.

మొదటి రెండు వారాలు వేరే ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. విండోస్‌లో ఉండే నోట్‌ప్యాడ్ చాలు. నాలుగు మాటలు రాయడం, తన ఫోల్డర్‌లో తన రోల్ నంబరుతో దాచడం, మూసెయ్యడం, మళ్లీ వెతికి తెరవడం. పేరు మార్చడం. "సేవ్ యాజ్"తో రెండో ప్రతి చేసి, మొదటిది చెక్కుచెదరలేదని చూసుకోవడం. ఆ తర్వాత కావాలనే తుడిచెయ్యడం, రీసైకిల్ బిన్‌లోంచి తిరిగి తెచ్చుకోవడం. ఈ చివరిది తప్పకుండా చేయించాలి. చాలా ల్యాబ్‌ల్లో పిల్లలకు ముందు చెప్పేమాట "ఏదీ ముట్టుకోవద్దు" అనే. తుడిచేసినా తిరిగొస్తుందని కళ్లారా చూసిన పిల్ల వేళ్లలో వణుకు పోతుంది. కంట్రోల్, జెడ్ కలిపి నొక్కితే చేసిన పని వెనక్కి వస్తుందని తెలిస్తే మరీనూ. అయితే పెన్‌డ్రైవ్ మీదున్న ఫైల్‌ను తుడిస్తే విండోస్‌లో అది మామూలుగా రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు, నేరుగా పోతుంది. ఈ తేడా కూడా ఆ రోజే చెప్పెయ్యాలి.

మన బడుల్లో ఈ ఫోల్డర్ క్రమశిక్షణకు ఇంకో కారణముంది. 2008 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో 5,000 ఉన్నత పాఠశాలల్లో ల్యాబ్‌లు పెట్టినప్పుడు ఎన్‌కంప్యూటింగ్ పద్ధతి వాడారు. ఒకే సీపీయూకి అనేక తెరలు, కీబోర్డులు తగిలించే ఏర్పాటది. అలాంటి చోట అందరూ రాసేది ఒకే డిస్క్ మీద. విడివిడి కంప్యూటర్లున్నా, ఉదయం తొమ్మిది ఏ, మధ్యాహ్నం తొమ్మిది బి అదే యంత్రం ముందు కూర్చుంటాయి. డెస్క్‌టాప్ నిండా "న్యూ టెక్స్ట్ డాక్యుమెంట్", "న్యూ టెక్స్ట్ డాక్యుమెంట్ 2" అని పరుచుకుని ఉంటే ఎవరిది ఏదో తేల్చడం సార్ వల్ల కూడా కాదు. తరగతి, సెక్షన్, రోల్ నంబర్, పని పేరు అని వరసగా పేరు పెట్టే అలవాటు ఒక్కటి చేయిస్తే ఆ గందరగోళం సగం తగ్గుతుంది.

పెన్‌డ్రైవ్ సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెప్పుకోవాలి. నెట్ సెంటర్‌లో పెట్టి తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ ఉన్నట్టుండి షార్ట్‌కట్‌లుగా మారడం మన దగ్గర పరిచయమైన జబ్బే. అసలు ఫోల్డర్లు ఎక్కడికీ పోవు, వైరస్ వాటిని దాచిపెట్టి, అదే పేరుతో నకిలీ గుర్తులు పెడుతుంది. విండోస్ ఫైల్ పేరు చివరనుండే తోకను మామూలుగా చూపించదు, అది ఇలాంటి మోసాలకు బాగా కలిసొచ్చింది. ఏదైనా ఫోల్డర్ తెరిచి, పైనున్న వ్యూలోకి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ కనపడేలా పెట్టడం ల్యాబ్ తెరిచిన రోజే ప్రతి యంత్రం మీదా చెయ్యాల్సిన పని. ఫొటో అని వచ్చినదాని తోక "ఈఎక్స్ఈ" అని ఉంటే అది ఫొటో కాదు, ప్రోగ్రామని ఆరో తరగతి పిల్ల కూడా పట్టేస్తుంది.

ఇక కరెంటు. ఎండాకాలంలో, ఈశాన్య రుతుపవనాల గాలివానల్లో అది ఎప్పుడు పోతుందో చెప్పలేం. యూపీఎస్‌లో బ్యాటరీలు చచ్చిపోయి డబ్బా మాత్రమే మిగిలిన ల్యాబ్‌లు ఎన్నో. వర్డ్‌లో, అలాంటి పనులకే ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్‌లో దానంతటదే ఒక నకలు దాచుకునే ఏర్పాటు ఉంది కానీ, మామూలుగా అది 10 నిమిషాలకొకసారి. తొమ్మిదో నిమిషంలో కరెంటు పోతే తొమ్మిది నిమిషాల పని గాల్లో కలిసినట్టే. పీరియడ్ 40 నిమిషాలు, ఒక్కో కంప్యూటర్‌కి నలుగురు అనుకుంటే ఒక పిల్ల వంతుకు వచ్చేదే 10 నిమిషాలు. సెట్టింగ్స్‌లో ఆ అంకెను 2 చెయ్యాలి. అంతకంటే ముఖ్యం, ప్రతి పేరా తర్వాత ఎడమ చెయ్యి కంట్రోల్, ఎస్ దగ్గరికి దానంతటదే పోయేలా అలవాటు చెయ్యాలి.

తెలుగులో కొట్టడం

ఫైల్ చేతికి చిక్కాక రావాల్సింది కీబోర్డు. ఇక్కడ మన ల్యాబ్‌ల్లో పెద్ద లోటు కనపడుతుంది. ఇంగ్లీషు టైపింగ్ నేర్పుతారు, తెలుగు దాదాపు నేర్పరు. "తెలుగు కావాలంటే డీటీపీ షాపుకి పోవాలి" అన్న అభిప్రాయం పెద్దవాళ్లలోనూ ఉంది. అది ఒకప్పటి మాట. డీటీపీ షాపుల్లో ఎక్కువగా వాడే అను ఫాంట్లలో తెలుగు అక్షరం బొమ్మ మాత్రమే తెలుగు, కింద దాక్కున్న సంకేతం ఇంగ్లీషుది. అందుకే షాపులో కొట్టించిన బడి వార్షికోత్సవం ఆహ్వానాన్ని తెచ్చి ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనపడతాయి. ప్రపంచ భాషల అక్షరాలకు వేరువేరు సంకేతాలిచ్చే యూనికోడ్ అనే ప్రమాణంలో అలా జరగదు. అందులో తెలుగుకి ప్రత్యేకమైన చోటు ఉంది. కొట్టింది ఫోన్‌లోనైనా, విండోస్‌లోనైనా, విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లినక్స్‌లోనైనా అదే తెలుగు. వెతికితే దొరుకుతుంది.

యూనికోడ్‌లో కొట్టడానికి రెండు దారులున్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో "అమ్మ" అని కొడితే తెలుగులోకి మారేది ఒకటి. విండోస్ 10లో 2019 నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు సిస్టమ్‌తోనే వస్తోంది. రెండోది ఇన్‌స్క్రిప్ట్, భారతీయ భాషలకు ప్రభుత్వం 1980లలో ప్రామాణికంగా తయారుచేయించిన అమరిక. ఉత్తరం ఒక్కసారి రాసి వదిలేసే పెద్దవాళ్లకు మొదటిది చాలు. బడి పిల్లలకు మాత్రం ఇన్‌స్క్రిప్టే నేర్పాలి. ళ, ల, ణ, న తేడాలను ఇంగ్లీషు స్పెల్లింగులోకి మార్చి మళ్లీ తెలుగులోకి తెచ్చుకునే తిప్పలు వాళ్లకెందుకు? తెలుగును తెలుగుగానే కొట్టొచ్చు.

ఇన్‌స్క్రిప్ట్ చూడటానికి భయపెడుతుంది కానీ దాని లోపల ఒక క్రమం ఉంది. అచ్చులు, గుణింతం గుర్తులు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. గుణింతం గుర్తు ఏ మీట మీద ఉంటే, షిఫ్ట్ పట్టుకుని అదే మీట నొక్కితే ఆ అచ్చు వస్తుంది. క మీద షిఫ్ట్ పట్టుకుంటే ఖ, గ మీద ఘ, త మీద థ. బాలశిక్షలో నేర్చుకున్న వర్గాలే ఇక్కడ మీటల మీద కూర్చున్నాయి. "నెల్లూరు" అని కొట్టి చూపిస్తే పిల్లలకు ఇట్టే పట్టుబడుతుంది. న, ఎత్వం, ల, పొల్లు, మళ్లీ ల, ఊత్వం, ర, ఉత్వం. మొత్తం 8 నొక్కులు. ఒత్తు రాయాలంటే మధ్యలో పొల్లు పెట్టాలన్నది అసలు కిటుకు, అది "డి" మీట మీద ఉంటుంది. ఇది పట్టుబడితే క్షేత్రం, జ్ఞానం, రాష్ట్రం అన్నీ కొట్టగలరు. "ఒంగోలు" ఇంకా తేలిక, 6 నొక్కులే, మొదటి ఒ ఒక్కదానికి షిఫ్ట్ కావాలి.

లాభం ఇంకొకటి ఉంది. ఇన్‌స్క్రిప్ట్‌లో భాష మారినా మీట మారదు. తెలుగు క ఉన్న "కె" మీటే హిందీ క కూడా. తెలుగులో నెల రోజులు చెయ్యి తిరిగిన పిల్ల భాష మార్చుకుని హిందీ పాఠం కూడా కొట్టొచ్చు. హిందీ టీచరమ్మ కూడా ల్యాబ్‌లోకి రావడానికి ఇది మంచి కారణం.

పిల్లలు "కంప్యూటర్ చెడిపోయింది" అని భయపడే చోటు ఒకటుంది, ముందే చెప్పాలి. "ల్లూ" పక్కన కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ నొక్కితే అక్షరం మొత్తం పోదు, ముందు ఊత్వం పోతుంది, తర్వాత ల, తర్వాత పొల్లు. నొక్కిన వరసలోనే వెనక్కి వస్తుంది. కర్సర్‌ను అక్షరానికి ముందు పెట్టి డిలీట్ నొక్కితే మాత్రం సాధారణంగా ఒకేసారి మొత్తం పోతుంది. ఇది తెలిశాక తప్పు దిద్దుకోవడంలో వేగం పెరుగుతుంది.

ఫాంట్ల కొరత కూడా ఇప్పుడు లేదు. మండలి, రామభద్ర, సురన్న వంటి ఫాంట్లు అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర చొరవతో ఉచితంగా వచ్చాయి. వాటిని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే ఇంటర్నెట్ లేని ల్యాబ్‌లోనూ గోడపత్రిక అందంగా తయారవుతుంది. గోడపత్రిక అన్నది ఊరికే అన్నమాట కాదు. వర్డ్ ప్రాసెసర్‌లో శీర్షిక పెద్దది చెయ్యడం, పేరాలు సర్దడం, బొమ్మ పక్కన అక్షరాలు ఒదిగేలా పెట్టడం, పట్టిక గియ్యడం అన్నీ ఆ ఒక్క పనిలో వచ్చేస్తాయి. ఉదయగిరి చెక్క గరిటెల మీదో, చీమకుర్తి గ్రానైట్ మీదో పిల్లలే నాలుగు పేరాలు రాసి ప్రింట్ తీసి వరండాలో అంటిస్తే, ఆ కాగితం కోసం పడిన పాట్లు ఎన్నటికీ మర్చిపోరు.

లెక్కల పట్టిక

ఎక్సెల్ గానీ, లిబ్రేఆఫీస్ క్యాల్క్ గానీ, దీన్ని మార్కుల జాబితాతో మొదలుపెట్టడం మన అలవాటు. పిల్లలకు అందులో ఆసక్తి ఉండదు, ఎందుకంటే అవి సార్ లెక్కలు. ఇంట్లో పెద్దలు ఎండలో వేసుకునే లెక్క తీసుకోవాలి. కొండపి, టంగుటూరు వైపు బడి అయితే పొగాకు వేలం. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు అయితే రొయ్యల గుంట.

పొగాకు తీసుకుందాం. పాఠం కోసం అంకెలు ఊహించుకుంటే: మూడు బేళ్లు. ఒకటి 120 కిలోలు, కిలో 200 రూపాయలు. రెండోది 100 కిలోలు, 180 రూపాయలు. మూడోది 80 కిలోలు, 130 రూపాయలు. సగటు ధర ఎంత? పిల్లలు వెంటనే మూడు ధరలు కూడి మూడుతో భాగించి 170 అంటారు. షీట్‌లో "యావరేజ్" పెట్టినా అదే వస్తుంది. కానీ బరువుని ధరతో గుణించి కూడితే చేతికి వచ్చింది 52,400. మొత్తం బరువు 300 కిలోలు. కిలోకి పడింది దాదాపు 174 రూపాయల 67 పైసలు. ఎక్కువ ధర పలికిన బేలు బరువు కూడా ఎక్కువ కాబట్టి ఈ తేడా. కంప్యూటర్ తప్పు చెయ్యలేదు, అడిగింది తప్పు. తొమ్మిదో తరగతి పిల్ల ఈ ఒక్క లెక్కలో నేర్చుకునేది మెనూల వల్లెవేతలో ఏడాదంతా దొరకదు. మూడో బేలు ధరను 150కి మార్చి, మొత్తం దానంతటది 54,000 కావడం చూసినప్పుడు ఫార్ములా ఎందుకు రాస్తారో అర్థమవుతుంది.

రొయ్యల గుంట లెక్కా ఇలాంటిదే. వేసిన మేత 1,500 కిలోలు, పట్టిన రొయ్య 1,000 కిలోలైతే మేత నిష్పత్తి 1.5. రోజువారీ మేత ఒక వరసలో రాసుకుంటూ పోతే ఆ అంకె ఎలా కదులుతుందో గ్రాఫ్‌లో కనపడుతుంది. చెరువు మీద కాపలా ఉండే మామయ్య దగ్గర ఆ పుస్తకం ఎలాగూ ఉంటుంది.

కొత్తవాళ్లు చేసే పొరపాట్లలో రెండు చెప్పి తీరాలి. ఒకే గడిలో "120 కేజీలు" అని కొడితే అది అంకె కాదు, అక్షరం. "సమ్" దాన్ని పట్టించుకోకుండా వదిలేస్తుంది, తప్పు అని కూడా చెప్పదు, మొత్తం మాత్రం తక్కువ వస్తుంది. రెండోది తేదీ. యంత్రం అమెరికా పద్ధతిలో సెట్ అయి ఉంటే 5/6 అంటే మే 6 అవుతుంది. 13/6 అని కొడితే తేదీగా తీసుకోదు. కనిపెట్టే మార్గం తేలిక: ఏ సర్దుబాటూ చెయ్యకముందు, కొట్టింది గడిలో కుడి అంచుకి జరిగితే అంకె లేదా తేదీ, ఎడమ అంచునే ఉంటే అక్షరం. రీజియన్‌ను ఇండియా అని మార్చడం ఐదు నిమిషాల పని.

ప్రజెంటేషన్ సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఫైల్, టైపింగ్ వచ్చిన పిల్లలు ఒక పీరియడ్‌లో పట్టేస్తారు. అక్షరాలు ఎగిరొచ్చి గిరగిరా తిరిగే యానిమేషన్ల దగ్గర వారాలు గడవకుండా చూస్తే చాలు.

దానికంటే ఎన్నో రెట్లు అవసరమైనది ఫొటో చిన్నది చెయ్యడం. పదో తరగతి అయిపోగానే పాలిసెట్, ఒంగోలు ట్రిపుల్ ఐటీ, స్కాలర్‌షిప్, అన్నీ ఆన్‌లైన్ దరఖాస్తులే. ఫొటో ఇన్ని కేబీలు మించకూడదు, సంతకం ఇన్ని కేబీలు అని షరతులుంటాయి. ఫోన్‌లో తీసిన ఫొటో 3 ఎంబీ ఉంటే, అంటే దాదాపు 3,000 కేబీలు, ఫారం తీసుకోదు. చివరి తేదీ సాయంత్రం నెట్ సెంటర్ ముందు క్యూలో అమ్మానాన్నలు పడే టెన్షన్‌కి చాలాసార్లు కారణం ఇదే. పెయింట్‌లో తెరిచి రీసైజ్‌లో శాతం తగ్గించి, జేపెగ్‌గా వేరే పేరుతో దాచుకుంటే సరిపోతుంది. అసలు ఫొటో మీద మాత్రం సేవ్ చెయ్యకూడదు, తగ్గించిన నాణ్యత తిరిగిరాదు. "సేవ్ యాజ్" పాఠం ఇక్కడ అక్కరకొస్తుంది. తొమ్మిదో తరగతిలోనే ప్రతి పిల్ల తన పాస్‌పోర్ట్ ఫొటోను 50 కేబీల లోపుకు తేవడం, ఒక సర్టిఫికెట్‌ను పీడీఎఫ్ చెయ్యడం సొంతంగా చెయ్యగలగాలి.

ఇంతకీ ఏ సాఫ్ట్‌వేర్ మీద మొదలుపెట్టాలన్నది ఇప్పుడు వాయిదా వెయ్యలేని ప్రశ్న. విండోస్ 10కి ఉచిత భద్రతా అప్‌డేట్లు మామూలుగా అందే గడువు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కనీసం 4 జీబీ ర్యామ్, కొత్త తరం ప్రాసెసర్ కావాలి. ల్యాబ్‌ల్లోని పాత యంత్రాలు చాలావాటికి ఆ అర్హత లేదు. వాటిని తుక్కు కింద మూలన పడెయ్యడం అన్యాయం. కేరళ 2001లో ఐటీ ఎట్ స్కూల్ పేరుతో మొదలుపెట్టి, తర్వాత బడి ల్యాబ్‌లన్నింటినీ ఎవరైనా వాడుకుని, పంచుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికి తెచ్చింది. 2017లో అది కైట్ అనే సంస్థగా మారింది. మలయాళం పిల్లలకు చేతనైంది మన పిల్లలకు కాకుండా ఎందుకు పోతుంది?

లిబ్రేఆఫీస్‌తో మొదలుపెట్టమనడానికి కారణం అదే. విండోస్ మీదా, లినక్స్ మీదా ఒకే రూపంలో నడుస్తుంది, లైసెన్స్ డబ్బు లేదు, పిల్ల ఇంటికి తీసుకెళ్లి ఏ కంప్యూటర్‌లోనైనా వేసుకోవచ్చు. ముందు విండోస్ మీదే దాన్ని అలవాటు చేస్తే, రేపు కింద సిస్టమ్ మారినా పిల్లలకు తెర కొత్తగా అనిపించదు. బయటివాళ్లకు పంపాల్సిన ఫైల్‌ను వర్డ్ రూపంలో దాచాలని మాత్రం గుర్తుచెయ్యాలి.

2 జీబీ ర్యామ్ ఉన్న యంత్రం మీద కూడా లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ నడుస్తుంది, 4 ఉంటే హాయిగా నడుస్తుంది. విండోస్‌ను చెరపకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు. ఒక శనివారం మధ్యాహ్నం ఒక్క యంత్రం మీద పెట్టి చూడాల్సినవి నాలుగే: ప్రింటర్ పలుకుతోందా, స్పీకర్ మోగుతోందా, ఇన్‌స్క్రిప్ట్‌లో నెల్లూరు అని వస్తోందా, తొమ్మిది బి పిల్లలు దాచుకున్న పాత ఫైల్ తెరుచుకుంటోందా. నాలుగూ సరే అనుకుంటే, తర్వాతి శనివారం రెండో యంత్రం.